నిజాం సాగర్ నీళ్లు, ఎల్లయ్య బాకీ

రండి, ఇట్లా మంటకు దగ్గరగా జరిగి కూర్చోండి. పుష్యమాసం చలి మా ఇందూరులో, అదే నిజామాబాద్‌లో, మాటలు కాదు. ఈ రాత్రి మీతో ఒక పాత తగువు గురించి మాట్లాడాలని ఉంది. నిజామాబాద్‌లో నలుగురు కూడిన చోట, అందులోనూ సెప్టెంబరు నెల వచ్చిందంటే, ఆ తగువు తప్పదు. ఒకాయన అంటాడు: "ఏమన్నా అనుండ్రి, నిజాం సాగర్ కట్టిచ్చింది నిజామే, బోధన్ల షక్కర్ ఫ్యాక్టరీ పెట్టిచ్చింది ఆయనే. మనం తినే బువ్వ ఆ నీళ్లదే." పక్కాయన ఊకోడు: "కట్టిస్తే కట్టిచ్చిండు. మా తాత దొర గడీల చాకిరి చేసుకుంటనే సచ్చిండు. ఆ వెట్టికి ఏ కాలువ నీళ్లు సరిపోతయి?" ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. అయినా మాట మీద మాట పెరుగుతుంది. చాయ్ చల్లారిపోతుంది. ఎవరి దారిన వాళ్లు లేచిపోతారు.

నాకు మాత్రం ఇది పొద్దుపోక చేసే తగువుగా ఎన్నడూ అనిపించలేదు. ఒక రాజ్యం చేసిన మంచినీ, చేసిన పాపాన్నీ ఎట్లా తూచాలన్నది లోకమంతా అడుగుతున్న ప్రశ్నే. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ నగరంలో 2020 జూన్‌లో జనం ఎడ్వర్డ్ కోల్‌స్టన్ విగ్రహాన్ని కూలదోసి రేవు నీళ్లలో పడేశారు. బళ్లకు, ఆసుపత్రులకు దానాలిచ్చిన వర్తకుడని ఆ ఊరు తరతరాలు మొక్కింది ఆయనకే. మనుషుల్ని బానిసలుగా అమ్మే వ్యాపారంలోనూ ఆయన పెద్ద చెయ్యి. దానం నిజం, పాపం నిజం. మన జిల్లాలోనూ లెక్క అంతే చిక్కుగా ఉంది కాబట్టి మన ఊరి సంగతే చూద్దాం.

ముందు మంచి చెప్పుకుందాం. చెప్పడానికి పిసినారితనం ఎందుకు? మంజీర బీదర్ మీదుగా వంపులు తిరుగుతూ వచ్చి కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆ ఏటికి అడ్డంగా అచ్చంపేట దగ్గర 1923లో పని మొదలుపెట్టి 1931కల్లా ఆనకట్ట పూర్తి చేశారు. దాని వెనకున్న ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. హైదరాబాదులో పుట్టి, ఇంగ్లండులో చదువుకొచ్చినవాడు. ఆయన పుట్టినరోజైన జూలై 11ను ఇవాళ తెలంగాణలో ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుతున్నారు. దాదాపు మూడు కిలోమీటర్ల పొడవున్న ఆ కట్ట మీద నడిచి, అక్కడి రాళ్లను చేత్తో తడిమి చూడండి. కాలువ దిగువకు వస్తే బాన్సువాడ, వర్ని, రుద్రూరు, బోధన్ దాకా పచ్చటి పొలాలు. రెండు లక్షల డెబ్బై అయిదు వేల ఎకరాలకు నీళ్లివ్వాలని వేసిన పథకం అది. అప్పటిదాకా చెరువు నిండితే పంట, నిండకపోతే వలస. కాలువ వచ్చాక రైతు ఆకాశం వైపు చూడ్డం తగ్గించి తూము వైపు చూడ్డం మొదలుపెట్టాడు.

ఆ నీళ్ల వెంటే చెరుకు వచ్చింది. చెరుకు పది పన్నెండు నెలల పంట, ఏడాది పొడుగునా నీటితడి అడుగుతుంది. చెరువు కింద దాన్ని నమ్ముకోలేం, కాలువ కింద నమ్ముకోవచ్చు. చెరుకు వచ్చింది కాబట్టి 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఆసియాలోనే పెద్దదన్న పేరు తెచ్చుకుంది. చుట్టూ వెలిసిన బస్తీకి శక్కర్‌నగర్ అని పేరు పడింది. ఫ్యాక్టరీకి సొంత చెరుకు ఫారాలుండేవి. జానకంపేట దగ్గర చీలిన రైలు మార్గం బోధన్ దాకా వచ్చింది.

చెరుకు కోత చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు చెప్తాను. గడను నేల మట్టానికి నరకాలి, తీపి మొదట్లోనే ఎక్కువ. పైనున్న కొస చప్పగా ఉంటుంది, కొట్టేసి పశువులకు వేస్తారు. ఎండు ఆకు దూయాలి. ఆ ఆకు అంచు ముంజేతులను గీరి గీరి పెడుతుంది. చెమట తగిలితే మంట. దూసిన గడల్ని మోపు కట్టి బండికెత్తాలి. నరికిన గడ ఎండలో ఉన్నకొద్దీ బరువూ తగ్గుతుంది, తీపీ తగ్గుతుంది. అందుకే ఫ్యాక్టరీ పర్మిట్ ఏ రోజుకు వస్తే ఆ రోజుకే కోత, ఆ వెంటనే తోలకం. పొలానికీ మిల్లుకూ మధ్య దూరం తక్కువుంటేనే రైతు బతుకుతాడు. మన రైతుకు ఆ దగ్గరతనం బోధన్ ఇచ్చింది. కోత అయ్యాక అదే మోడు నుంచి మళ్లీ కార్శి లేస్తుంది, రెండో ఏడు విత్తనం ఖర్చు ఉండదు. పిల్లల చదువులు, ఆడపిల్లల పెళ్లిళ్లు, ఇంటి మీద గూనపెంకులు పోయి స్లాబు పడటం, అన్నీ చెరుకు బిల్లుల మీదే జరిగిన ఊళ్లు బోధన్ చుట్టూ ఎన్నో ఉన్నాయి. ఈ మేలును కాదన్నవాడు ఆ ఊళ్లు చూడనివాడే.

నీళ్లున్నాయని విని కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి రైతులు తరలివచ్చారు. వాళ్లు గుడిసెలు వేసుకున్న చోట్లే ఇవాళ క్యాంపులని పిలిచే ఊళ్లు. కష్టపడ్డారు, బాగుపడ్డారు. చవగ్గా భూమి అమ్ముకున్న స్థానికుల్లో కొందరు అదే పొలంలో కూలికి పోయారు. ఇది కూడా ఆ నీళ్ల కథలో భాగమే. దాచి చెప్పకూడదు.

ఆ వచ్చినవాళ్లు తమ వెంట ఒక అలవాటు కూడా తెచ్చారు. గోదావరి డెల్టాలో ఆర్థర్ కాటన్‌ను దేవుడిలా తలుచుకుంటారు. 1847లో మొదలుపెట్టి 1852కల్లా ధవళేశ్వరం ఆనకట్ట కట్టించినవాడు. అదే డెల్టా జనం తెల్లదొరల రాజ్యం పోవాలని జైళ్లకు వెళ్లారు, లాఠీలు తిన్నారు. ఇంట్లో కాటన్ పటం, వీధిలో తెల్లవాడికి వ్యతిరేకంగా ఊరేగింపు. ఇందులో ఏ విరుద్ధమూ వాళ్లకు కనబడలేదు, నాకూ కనబడదు. వాళ్లు మొక్కింది మనిషికీ పనికీ, కిరీటానికి కాదు. 1876-78 కరువులో దక్షిణాదిన లక్షల మంది ఆకలికి చచ్చారు. అప్పుడు ఉన్నది ఆ కిరీటమే. ఆనకట్ట కట్టినందుకు ఆ చావులను ఎవరూ మాఫీ చేయలేదు. గోదావరి రైతుకు ఈ తేడా చదువు లేకుండానే తెలుసు.

ఇప్పుడు మన రెండో పద్దుకు వద్దాం. నిజాం సాగర్ కట్టినప్పుడు నలభై దాకా ఊళ్లు ఖాళీ అయ్యాయి. వాళ్ల పొలం ముంపులో పోతే, ఆ నీళ్లు పారింది ఇంకొకరి పొలానికి. ఆ ఊళ్లవాళ్లను ఎప్పుడైనా ఏ సభలోనైనా తలుచుకోగా విన్నారా?

వెట్టి సంగతి నేను కొత్తగా చెప్పాలా? గడీలో బట్టలు చాకలి ఉతకాలి, కుండలు కుమ్మరి ఇవ్వాలి, చెప్పులు మాదిగ కుట్టాలి, అధికారి ఊళ్లోకి వస్తే సామాను మోయాలి, బండి కట్టాలి. కూలి లేదు. కాదంటే దెబ్బ. ఇది కాక భగేలా ఒకటి. పెళ్లికో చావుకో నాలుగు రూపాయలు అప్పు తీసుకుంటాడు ఒక మనిషి. కాగితం మీద వేలిముద్ర వేస్తాడు. అప్పు తీరేదాకా పటేలు దగ్గర పాలేరుగా ఉండాలి. ఇచ్చే గింజలు తిండికే చాలవు, ఇక అసలు తీరేదెప్పుడు? తండ్రి పోతే ఆ కాగితం కింద కొడుకు వచ్చి నిలబడతాడు. నిజాం సర్కారుకు ఇది తెలియదనడానికి వీల్లేదు. వెట్టి వద్దని ఫర్మానాలు వచ్చాయి. భగేలా ఒప్పందాల మీద 1936లో చట్టమే తెచ్చారు. తెలిసింది, రాశారు, కాగితం కదలలేదు. కదిలిస్తే దొరలు, దేశ్‌ముఖులు, జాగీర్దార్లు కదులుతారు, సింహాసనం నిలబడింది వాళ్ల భుజాల మీదే. రాజ్యంలో మూడోవంతు దాకా జాగీర్ల కింద, పదోవంతు దాకా నిజాం సొంత సర్ఫెఖాస్ కింద ఉండేది. తెలియక చేసిన తప్పు వేరు. తెలిసి ఊరుకోవడాన్ని నేను పాపమనే అంటాను.

1937 దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఆ ఏడు ఫిబ్రవరిలో అమెరికా పత్రిక 'టైమ్' తన ముఖచిత్రంగా నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ బొమ్మ వేసి ప్రపంచంలోకెల్లా ధనవంతుడని రాసింది. ఆ ఏడే బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ. ఆ ఏడే మన నిజామాబాద్‌లో మందుముల నరసింగరావు అధ్యక్షతన ఆంధ్ర మహాసభ జరిగింది. గస్తీ నిషాన్ 53 అమల్లో ఉన్న కాలం, ముందు అనుమతి లేకుండా జనం ఒకచోట కూడే వీల్లేదు. ధనమూ, పరిశ్రమా, నోరు మెదపడానికి అనుమతి అడుక్కునే జనమూ ఒకే ఏట, ఒకే రాజ్యంలో. ఇందులో ఏ ఒక్కదాన్ని తీసేసినా ఆ రాజ్యం మనకు అర్థం కాదు.

చదువు సంగతి కూడా అంతే. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం మామూలు సాహసం కాదు. వైద్యం, విజ్ఞానం అన్నీ ఇంగ్లిష్‌లో తప్ప చెప్పలేరని లోకం నమ్ముతున్న రోజుల్లో ఉర్దూలో చెప్పి చూపించారు. కానీ రాజ్యంలో సగానికి దగ్గరగా ఉన్న తెలుగువాళ్ల పిల్లలకు బడి భాష ఇంటి భాష కాలేదు. ఆ రాజ్యం పోయిన మూడేళ్లకు జనగణన జరిగితే నూటికి పదిమందికి కూడా చదువు రాదని తేలింది.

ఇక మన కిల్లా. ఇవాళ రాముడి గుడికని మెట్లెక్కుతున్న ఆ గుట్ట మీదే జైలుండేది. కవి దాశరథి కృష్ణమాచార్య, రచయిత వట్టికోట ఆళ్వారుస్వామి అందులో బందీలు. బొగ్గుముక్కతో గోడ మీద దాశరథి పద్యం రాస్తే ఆళ్వారుస్వామి దాన్ని నోటికి పట్టుకున్నాడు. అక్కణ్నుంచి శక్కర్‌నగర్ ముప్పై కిలోమీటర్ల లోపే. ఒకే సర్కారు అక్కడ చక్కెర మిల్లు నడిపింది, ఇక్కడ కవిని బంధించింది.

ఇప్పుడు నా మాట చెప్తాను. ఈ రెంటినీ ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి మిగిలింది ఎంతో చెప్పమని అడగడమే తప్పు. ఊరి షావుకారు ఉన్నాడనుకోండి. ఎల్లయ్యకు బాకీ పడ్డాడు, మల్లయ్యకు దానం చేశాడు. మల్లయ్యకిచ్చానని ఎల్లయ్య బాకీ కొట్టేస్తానంటే పంచాయతీ ఒప్పుకుంటుందా? మల్లయ్య పొందింది మల్లయ్య పద్దులో ఉంటుంది, ఎల్లయ్యకు రావాల్సింది ఎల్లయ్య పద్దులో ఉంటుంది. కాలువ కింద బాగుపడ్డ రైతు కృతజ్ఞత చెప్పుకోవచ్చు, అది ఆయన హక్కు. గడీలో చచ్చిపోయిన మనిషి తరఫున క్షమించే హక్కు మాత్రం ఆయనకు లేదు. అట్లాగే వెట్టి చేసిన తాత మనవడు కోపపడవచ్చు. ఆ కోపంతో ఆనకట్టను లేదనడానికి వీల్లేదు, అలీ నవాజ్ జంగ్ విద్యనూ, పేరు తెలియని కూలీల చెమటనూ కొట్టేయడానికి అసలే వీల్లేదు.

ఇంకొకటి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఈ మధ్య అది చాలా బాధపెడుతోంది. నిజాం పాపాన్ని తీసుకొచ్చి పక్కింటి ముస్లిం దర్జీ మీద, పండ్ల బండి కుర్రాడి మీద పెట్టేవాళ్లు ఎక్కువయ్యారు. గడీల్లో కూర్చున్న దొరల్లో ఎక్కువమంది హిందువులేనన్నది మరిచిపోతున్నారు. రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీని ఎదిరించి రాసినందుకు 1948 ఆగస్టులో ప్రాణమిచ్చిన పత్రికా సంపాదకుడు షోయబుల్లాఖాన్. రైతాంగం పక్షాన నిలిచిన కవి మఖ్దూం మొహియుద్దీన్. పాపానికి మతం అంటగట్టినవాడు అసలు దోషిని వదిలిపెట్టినట్టే.

ఇక్కడిదాకా చాలామంది నాతో తల ఊపుతారు. ఇక ముందుకే కష్టం. నిజాంను తూచిన రాళ్లతోనే మన రాజ్యాన్నీ తూచాలి. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్ రాజ్యంలోకి వచ్చింది, 17న నిజాం లొంగిపోయాడు. నిజాం పక్షాన ఊళ్ల మీద పడ్డ రజాకార్ల కత్తి నుంచి జనం బయటపడ్డారు. అప్పటిదాకా వణికిన ఊళ్లు ఊపిరి పీల్చుకున్నాయి. మరుసటి ఏడు జాగీర్లు రద్దయ్యాయి. 1950లో కౌలుదార్ల చట్టం వచ్చింది. 1952లో జనం మొదటిసారి ఓటు వేశారు. ఇవన్నీ గొప్ప పనులు. వాటికి నేను చేతులెత్తి మొక్కుతాను.

కానీ సైన్యం వచ్చిన ఆ వారాల్లోనే బోధన్ నుంచి సాలూర దాటి మంజీర వంతెన అవతల నాందేడ్ వైపు, ఇంకా బీదర్, గుల్బర్గా, ఉస్మానాబాద్ జిల్లాల్లో ఏం జరిగింది? రజాకార్లతో ఏ సంబంధమూ లేని ముస్లింలను ఊళ్లకు ఊళ్లు చంపారు. నెహ్రూ పంపిన పండిట్ సుందర్‌లాల్ బృందం తిరిగి చూసి, తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారని రాసింది. కొన్నిచోట్ల సైనికులే ఉసిగొల్పారని, చేతులు కలిపారని రాసింది. పొరుగు ముస్లింలను ప్రాణాలకు తెగించి కాపాడిన హిందువుల గురించీ రాసింది. ఆ నివేదికను ప్రభుత్వం దశాబ్దాల పాటు బయట పెట్టలేదు. నిజాం సర్కారు వెట్టి సంగతి తెలిసి ఊరుకున్నదని మనం నిలదీస్తాం. మన సర్కారు ఈ చావులను తెలిసి దాచిపెడితే నిలదీయకూడదా? విమోచన నిజం. దాని వెనకాల జరిగిన హత్యలూ నిజం. బతికి బయటపడ్డవాళ్ల సంతోషం, చచ్చిపోయినవాళ్ల పద్దు కొట్టేయలేదు.

ఆ తర్వాతి కాలపు సంగతులు కూడా రెండు చెప్తాను. 1963 జూలైలో పోచంపాడు దగ్గర ఆనకట్టకు నెహ్రూ శంకుస్థాపన చేశారు. గోదావరి నీళ్లు మన ఆర్మూరు, బాల్కొండల మీదుగా కరీంనగర్ దాకా పోయాయి. ఇక్కడా ఊళ్లు మునిగాయి. ఈసారి ముంచింది మనం ఓటేసిన ప్రభుత్వం. పునరావాసం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్ల బాకీ నిజాం ఖాతాలో వేయలేం.

రెండోది ఫ్యాక్టరీ. ప్రభుత్వ రంగంలో ఏళ్ల తరబడి నడిచిన నిజాం షుగర్స్‌లో 2002లో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి ఇచ్చారు. 2015 డిసెంబరులో బోధన్, ముత్యంపేట, మంబోజిపల్లి యూనిట్లు మూడూ మూతపడ్డాయి. దగ్గరలో మిల్లు లేకపోతే చెరుకు గతి ఏమిటో మీకు ముందే చెప్పాను. రైతులు చెరుకు దున్నేసి వరికీ, సోయాకూ, మక్కకూ మళ్లారు. క్వార్టర్లలో జీతం రాని కార్మికుల కుటుంబాలు మిగిలాయి. తెరిపిస్తామన్న మాట ప్రతి ఎన్నికలోనూ విన్నాం. నిజాం పేరు చెప్పి ఆ ఫ్యాక్టరీని పొగిడేవాళ్లూ, నిజాం పేరు చెప్పి తిట్టేవాళ్లూ ఇద్దరూ ఒక్కటి ఆలోచించాలి. ఒక రాజు పెట్టినదాన్ని ప్రజల రాజ్యం నిలుపుకోలేకపోయింది. ఇది మన పద్దు. మనమే రాసుకోవాలి.

దేశం మీద ప్రేమ లేక ఇట్లా మాట్లాడుతున్నానని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. పరాయివాడి తప్పు లెక్కించడం సులువు. మనదైన రాజ్యం తప్పును పైకి చదవగలగడమే ప్రజాస్వామ్యం మనకిచ్చిన హక్కు. దాశరథి జైలు గోడ మీద బొగ్గుతో రాసుకోవాల్సి వచ్చింది. మీకూ నాకూ కాగితం ఉంది, కలం ఉంది, నోరుంది.

అందుకే మీకు ఒక విన్నపం. మీ ఇంట్లో ఎనభై దాటిన పెద్దమనిషి ఎవరైనా ఉంటే ఈ చలికాలం పోకముందే పక్కన కూర్చోండి. వెట్టి చేసిన మీ ముత్తాత పేరు, కట్ట కింద మునిగిన ఊరి పేరు, కాలువ తవ్వకానికి పోయిన మనిషి పేరు, నలభై ఎనిమిదిలో ఇల్లు విడిచి రాత్రికి రాత్రి పోయిన పొరుగువాళ్ల పేరు అడిగి రాసి పెట్టండి. వచ్చే సెప్టెంబరు 17న మీ ఊళ్లో జెండా ఎగరేసేవాళ్లు ఏ పార్టీవాళ్లైనా సరే, వాళ్ల దగ్గరికి వెళ్లి, రజాకార్ల చేతిలో పోయినవాళ్లనూ, రజాకార్లు పోయాక చంపబడ్డవాళ్లనూ అదే వేదిక మీద తలుచుకోమని అడగండి.